శ్రవ్యగ్రంథము – నటుని వాచికము

కావ్యము దృశ్యమనియు శ్రవ్యమనియు రెండు తెఱఁగులని మన యాలంకారికులు విభజించిరి. నాటకాదులు దృశ్యములు, తక్కినవి శ్రవ్యములు. ఈ విభాగమును విద్యార్థిదశనుండి వల్లించుచున్నవారమే యైనను, ఇందలి యొక విశేషమును మనము సామాన్యముగ గమనింపము. రఘువంశమును గాని వసుచరిత్రమును గాని పుస్తకమునఁ గన్నులతోఁ జదువుకొనుచునే దానిని శ్రవ్యమని పేర్కొనుచున్నాము. పేరు పెట్టిననాఁడు కావ్యము చెవికి సంబంధించినది. పేరు నిలిచినది, పద్ధతి మాఱినది. నేఁడు 'ఆడియో పుస్తకము' అను పేర నెల్లదేశములయందును వ్యాపించుచున్న గ్రంథరూపమును గూర్చి విచారించువారు, ఇది మన కపూర్వ మని యాశ్చర్యపడుటకంటె, మన శాస్త్రములలో దీనికిఁ దగిన పరిభాష యెంతవఱకుఁ గలదో చూచుట యుచితము. ఈ వ్యాసమున నేను చేయఁదలఁచినది యంతమాత్రమే. ఉదాహరణమునకు ఒక యాంగ్లనటుఁడు తన స్వీయచరిత్రమును దానే చదివి వినిపించిన గ్రంథమును గైకొంటిని.

ముందుగాఁ బేరు. శ్రు ధాతువునకు యత్ప్రత్యయము చేరఁగా గుణమును అవాదేశమును గలిగి 'శ్రవ్యము' సిద్ధించును, వినఁదగినదని యర్థము. తప్పక జరుగవలసినదను నర్థమున ఉవర్ణాంతధాతువులకు ణ్యత్తును బాణిని విధించెను (3-1-125). అప్పుడు వృద్ధి కలిగి 'శ్రావ్యము' అగును. అవశ్యము వినవలసినదని యర్థము. తెనుఁగున శ్రావ్యశబ్దము చెవి కింపైనదను నర్థమున రూఢమైనది. కావున 'శ్రావ్యగ్రంథ' మన్నచో నిట్టి ప్రతిగ్రంథమును మధురమని ముందే యొప్పుకొనవలసివచ్చును. అది సత్యముగాదు; నేను విన్నవానిలోఁ గొన్ని కర్ణకఠోరములు. 'శ్రవ్యగ్రంథము' నిర్దుష్టమగుటచే దానినే వాడెదను.

ఈ గ్రంథరూపము నిన్న మొన్నటిది కాదు. ఎడిసన్ 1877లో ధ్వనిలేఖనయంత్రమును నిర్మించెను. మఱుసటి యేఁడే యా యంత్రపుఁ బ్రయోజనములను బేర్కొనుచు, అంధులకుఁ బుస్తకములు వినిపించుట యందొకటిగాఁ జెప్పెను. బ్రిటనులో 1935లో అంధులకొఱకు 'మాటలాడు పుస్తకము'ల యేర్పాటు మొదలయ్యెను. మొదటి యుద్ధమునఁ జూపు గోల్పోయిన సైనికులు దాని కొక ముఖ్యకారణము. సామాన్యమైన గ్రామఫోను పలక యొక్కొక్క వైపున మూఁడు నాలుగు నిమిషములే మ్రోఁగును. ఈ పలకలను మందగతిని ద్రిప్పి, ఒక్కొక్క వైపున నిరువదియైదు నిమిషములు పట్టునట్లు చేసిరి. 1952లో న్యూయార్కునందు ఇద్దఱు యువతులు 'కేడ్మన్' అను సంస్థను స్థాపించి కవులచేతఁ దమ కవితలను జదివించి పలకలుగా నమ్మిరి. తరువాతఁ బలక పోయి నాడా వచ్చినది, నాడా పోయి చేతిఫోను వచ్చినది. ఇప్పుడు బాటసారియు వంటయింటి యిల్లాలును వినుచున్నారు. కాని మొదటి శ్రోతలు వేడుకకు విన్నవారు కారు, వేఱుదారి లేక విన్నవారు. దీనిని సోమరిచదువని పరిహసించు పండితు లీ సంగతి యెఱుఁగవలెను.

ఇఁక నుదాహరణము. పాట్రిక్ స్టూవర్ట్ అను నటుఁడు 1940 జూలై 13వ తేదీని ఉత్తర ఇంగ్లండునందలి యార్క్‌షైరు మండలమున మిర్‌ఫీల్డు అను చిన్న పట్టణమునఁ బుట్టెను. తల్లి నేఁతమిల్లులోఁ బనిచేయునది. తండ్రి సైన్యమునఁ బారాచ్యూట్ దళమున రెజిమెంటల్ సార్జెంట్ మేజరు. స్టూవర్టు పదునైదవయేటఁ బాఠశాల విడిచి కొలఁదికాలము స్థానికపత్రికకు వార్తలు వ్రాసెను. 1957లో బ్రిస్టలు నాట్యపాఠశాలఁ జేరెను. 1966లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలోఁ బ్రవేశించి చిరకాలము షేక్‌స్పియరు నాటకములాడెను. 1987 మొదలు 1994 వఱకు 'స్టార్ ట్రెక్' అను టెలివిజను కథయందు నౌకాధిపతి పాత్రము ధరించుటచే లోకప్రసిద్ధుఁ డయ్యెను. డికెన్సు వ్రాసిన క్రిస్‌మస్ కథను బాత్రములన్నియుఁ దానొక్కఁడేయై రంగమున నభినయించెను. మన హరికథకుల విద్యకు మిక్కిలి దగ్గఱిది యది. ఆయన స్వీయచరిత్రము 'మేకింగ్ ఇట్ సో' 2023లోఁ బ్రకటితమైనది. అప్పటి కాయనకు 83 ఏండ్లు. శ్రవ్యరూపమును దానే చదివెను. అది దాదాపు 19 గంటలు. నేను దానిని రాత్రులయందు మూఁడు వారములు వింటిని; పిదప ముద్రితప్రతిని దెప్పించి కొన్ని ప్రకరణములను సరిచూచితిని.

ఈ నటుని జీవితమున నొక ఘట్టము మన విషయమునకు మూలమువంటిది. ఆయన పండ్రెండేండ్ల బాలుఁడై యున్నపుడు సెసిల్ డోర్మండ్ అను నుపాధ్యాయుఁడు తరగతికి 'వెనిస్ వర్తకుఁడు' ప్రతులను బంచి చదువుఁడనెను. బాలురందఱును దలలు వంచి మౌనముగఁ జదువసాఁగిరి. ఉపాధ్యాయుఁడు గద్దించి, నోటితోఁ జదువుఁ డనెను. ఇది నాటకము, బ్రదుకు, కన్నులతోఁ జూచి మడిచిపెట్టునది కాదని యాయన భావము. ఆ బాలుని కా పదములలోఁ బెక్కు తెలియవు. ఐనను నోట నుచ్చరించినపు డేదో తనకుఁ బట్టుపడినదని యాయన యెన్నియో సభలలోఁ జెప్పెను. అర్థజ్ఞానమునకు ముందే శబ్దము పట్టుపడుట మనకుఁ గ్రొత్తగాదు. అమరము వల్లించిన ప్రతివాఁడును దానికి సాక్షి. కాని ఆంగ్లపాఠశాలలయందు మౌనపఠనమే చదువై, దానిని జూచి మన పాఠశాలలును నోరు మూసికొన్న యీ కాలమున, ఒక మిల్లుపట్టణపు బడిపంతులు చేసిన యా పనిని మన యుపాధ్యాయులు గమనింపఁదగును.

పాణినీయశిక్ష చదువరి గుణములు నాఱు, దోషములు నాఱు లెక్కించినది. పాడుచుఁ జదువుట, త్వరపడుట, తల యూఁపుట, వ్రాఁతను జూచి చదువుట, అర్థ మెఱుఁగకుండుట, కంఠము చాలకుండుట దోషములు. మాధుర్యము, అక్షరస్ఫుటత, పదవిభాగము, మంచిస్వరము, ధైర్యము, లయ గుణములు. దీనిని బట్టి చూచినచో శ్రవ్యగ్రంథపాఠకులందఱును వ్రాఁతను జూచి చదువువారే. కావున నందఱు నధములే కావలయును! శిక్ష యందలి యుద్దేశము వేదాధ్యయనమును గూర్చినది గావున నంతదూరము పోనక్కఱలేదు. ఐనను దోషముయొక్క కారణము విచార్యము. వ్రాఁతను జూచువాని కన్ను పంక్తి వెంటఁ బోవును. పంక్తి యెచ్చట విఱిగిన నచ్చట గొంతు విఱుగును. తలఁపునుండి పలుకువానికి విరామ మర్థమునుబట్టి వచ్చును. భరతుఁడును నాట్యశాస్త్రమున విరామమునం దెక్కువ శ్రద్ధ వహింపవలెననియు, అర్థము విరామాధీన మనియుఁ జెప్పియున్నాఁడు. స్టూవర్టు చేతఁ గాగిత మున్నను గొంతునఁ గాగితము లేదు. తన బ్రదుకే గనుక వాక్యము ముగియకమున్నే తరువాతి వాక్య మాయనకుఁ దెలియును. అది వినువానికిఁ దెలియుచుండును.

నాట్యశాస్త్రము పాఠ్యమున కుపకరించువానిని విపులముగ వివరించినది: స్వరములు ఏడు, ఉరస్సు, కంఠము, శిరస్సు నను స్థానములు మూఁడు, ఉదాత్తాది వర్ణములు నాలుగు, కాకువులు రెండు, ఉచ్చము, దీప్తము, మంద్రము, నీచము, ద్రుతము, విలంబితము నను నలంకారములాఱు, అంగములాఱు. ఇదంతయు వాచికాభినయము. అభినయములు నాలుగింటిలో నాంగికమును ఆహార్యమును శ్రవ్యగ్రంథమున లేవు. మిగిలినవి వాచికసాత్త్వికములు. సాత్త్వికభావము లెనిమిదింటిలోఁ జెమట, గగుర్పాటు, వైవర్ణ్యము, కన్నీరు మొదలైనవి కంటికే తెలియును. స్వరభేద మొక్కటియే చెవికిఁ దెలియును, దానితోడఁ గొంత వణఁకు. ఇట్లు నటుని సామగ్రిలో నధికభాగము తొలఁగఁగా మిగిలిన కొంచెముతో నాతఁడు పందొమ్మిది గంటలు మనలను నిలుపవలసియున్నది. ఈ గ్రంథము విన్న పిదప, నటునకుఁ గంఠమే ప్రథమమైన యంగమను నా యభిప్రాయము బలపడినది.

కంఠమునుగూర్చి చెప్పవలసిన దింకొకటి కలదు. ఈ నటుఁడు రెండు భాషలవాఁడు; రెండును ఆంగ్లమే. ఇంటను వీధియందును యార్క్‌షైరు పలుకుబడి. రంగమునకై నేర్చినది సభ్యాంగ్లోచ్చారణము. బాల్యమున రూత్ విన్ ఓవెన్ అను నటీమణి యాయనకు దీనిని నేర్పెను. రెంటికిని గల భేద మల్పము గాదు. 'కప్' అను పాత్రవాచకమును సభ్యులు అకారసదృశముగాఁ బలుకుదురు. ఉత్తరదేశీయులు 'పుట్' అను పదమందలి యుకారముతోనే పలుకుదురు. తక్కిన యింగ్లండులోఁ బెక్కుచోట్ల వాడుక తప్పిన యేకవచనసర్వనామము, అనఁగా మన 'నీవు' వంటిది, ఆ మండలపు సామాన్యజనుల నోట 'దా' అని నిలిచియున్నది. ముద్రితగ్రంథమునఁ జూచినచో రెండు పలుకుబడులకును నొకటే వర్ణక్రమము. ఆంగ్లలిపి ఉచ్చారణమును దాఁచునుగాని తెలుపదు. ఈ విషయమున మన లిపి యదృష్టవంతురాలు. శ్రవ్యగ్రంథమున నాయన బాల్యమును జెప్పుచుఁ దలిదండ్రుల మాటలకు వచ్చినపుడు గొంతు తనంతనే యుత్తరమునకుఁ దిరుగును. నాట్యపాఠశాల వచ్చినపుడు మఱల సభ్యమగును. ఏ పాత్ర మే భాష యాడవలెనో భరతుఁడు భాషావిధానమున నియమించెను. ఇచ్చట నొక్క మనుష్యునిలోనే యా విధాన మంతయుఁ గలదు. అచ్చుపుస్తకమును మాత్రమే చదివినవాని కీ యంశము ఒకరు చెప్పఁగాఁ దెలియవలసినదే, విన్నవానికిఁ జెప్పనక్కఱలేదు.

ఇఁకఁ గాకువు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు రుద్రటుని మతమును దడవి, అభిప్రాయముతోఁ గూడిన పఠనధర్మమే కాకువు గావున నది యలంకార మెట్లగునని యాక్షేపించెను. మమ్మటుఁడు కాకువును వ్యంజనకు హేతువులలోఁ జేర్చెను. వ్రాఁతయందుఁ గాకువు చదువరి యూహకు విడువఁబడును. స్టూవర్టు తండ్రి వారాంతములయందుఁ ద్రాగివచ్చి భార్యను గొట్టెడివాఁడు. పిలువఁగా వచ్చిన యధికారులు, నీవే యాయనను రెచ్చఁగొట్టియుందువని యా యిల్లాలితోఁ బలికిరఁట. ఈ సంగతి నాయన బహిరంగముగఁ బలుమాఱు చెప్పియున్నాఁడు. ఆ మాట నచ్చులోఁ జూచినపుడు దూషణముగాఁ దోఁచును. వినునపుడు నాకుఁ దోఁచినది వేఱు: అది దూషణముగాదు, ప్రతివారమును జూచి యలవాటుపడిన యుద్యోగి విసుగుమాట. దూషణమునకుఁ గోపము కావలెను. విసుగునకు నదియు నక్కఱలేదు. రెంటిలో నేది యెక్కువ క్రూరమో పాఠకులే యెన్నుకొనవచ్చును. కాకువు పఠనధర్మమే యనుట నిజము. కాని పఠించువాఁడు కర్తయే యైనపుడా ధర్మమును గ్రంథమునుండి విడఁదీయుట యెట్లు? రాజశేఖరుని యాక్షేప మీ చోట నిలువదని నా మతము.

దీనిని వెన్నంటి యొక సూక్ష్మప్రశ్న వచ్చుచున్నది. నాటకమున రాముఁ డనుకార్యుఁడు, నటుఁ డనుకర్త. స్వీయచరిత్రమును దానే చదువునపు డిరువురు నొకరేనా? ఒకరేయని తొందరపడి చెప్పఁగూడదు. యుద్ధము ముగిసి తండ్రి యింటికి వచ్చిననాఁటికి బాలునకు నైదేండ్లు; చదువువానికి 83. ఆ బాలుని భయ మీ వృద్ధునకు లేదు. జ్ఞాపకము మాత్రము కలదు. అల్పనటుఁడైనచో నిచ్చటఁ బిల్లవాని గొంతు పెట్టి యేడ్చియుండును. స్టూవర్టు తండ్రి మెట్లమీఁది యడుగులను గూర్చియు, తలుపు చప్పుడును గూర్చియుఁ జెప్పునపుడు స్వరమును దగ్గించి సమముగ నడపెను. చిత్రతురగమును జూచి యిది గుఱ్ఱమని తలఁచునట్లు ప్రేక్షకుఁడు నటునియందు రామునిఁ దలఁచునని శంకుకుఁడు చెప్పెను. ఇచ్చట శ్రోత బాలుని నూహించును గాని వృద్ధుని మఱువఁడు. ఆ యెడమే రసహేతువైనది. ఔచిత్యమనఁగా నిదియే కాఁబోలు.

ఆ తండ్రిని గూర్చిన కథ యంతటితో ముగియలేదు. 2012లో వంశచరిత్రలను బరిశోధించు నొక బి.బి.సి. కార్యక్రమమునందు, తండ్రి 1940లో ఫ్రాన్సునుండి సైన్యము వెనుదిరిగిననాఁడు మనస్సున దెబ్బతిన్నవాఁడని కుమారునకుఁ దెలిసినది. నాఁడు దానికిఁ జికిత్స లేదు. అప్పటినుండి యాయన తల్లిపేరఁ బీడితస్త్రీల సంస్థకును, తండ్రిపేర యుద్ధమునఁ జిత్తవైకల్యము నొందిన సైనికుల సంస్థకును దోడ్పడుచున్నాఁడు. తండ్రి చేసినదానిని మన్నించినట్లు గాదు, కారణ మెఱిఁగినట్లు మాత్రమే. ఈ భేదమును వ్రాయుట సులభము. గొంతునఁ జూపుట కష్టము. వినవలసిన ఘట్టము లేవని యడిగినచో నౌకాధిపతి కథలకంటె నిదియే యని చెప్పెదను. ఆ నౌకాకథ లించుక దీర్ఘములు; అందు నా కభిరుచి తక్కువ.

వ్యాకరణజ్ఞులకుఁ బ్రీతికరమైన యంశ మొకటి మిగిలినది. చేతిఫోనునందు శ్రోత తన యిచ్చవచ్చినట్లు వేగమును హెచ్చింపవచ్చును. సగమునుండి మూఁడింతలకు మించి దాఁక గలదు. పందొమ్మిది గంటల గ్రంథమును దొమ్మిదిన్నర గంటలలో వినువారు పెక్కుఱు. అట్లు విన్నది యా గ్రంథమేనా? ఈ ప్రశ్నను బతంజలి రెండువేల యేండ్లకుఁ బూర్వమే వేఱు సందర్భమున విచారించెను. తపరకరణసూత్రమున (1-1-70) వర్ణముల కాలనియమము వచ్చినపుడు, ద్రుత మధ్యమ విలంబిత వృత్తులలోఁ గాలము మాఱుచుండఁగా హ్రస్వము హ్రస్వముగా నెట్లుండునని శంక. ద్రుతమునకు మూఁడవవంతు చేర్చిన మధ్యమ, మధ్యమకు మూఁడవవంతు చేర్చిన విలంబిత. అనఁగా 9, 12, 16 పాళ్లు. సమాధాన మేమనఁగా, వర్ణములు స్థిరములు, వక్త తడవుగాఁ బలుకుటచేతను శీఘ్రముగఁ బలుకుటచేతను వృత్తులు మాత్రమే భేదించును. భేరిని గొట్టఁగా నొకదాని మ్రోఁత యిరువదియడుగులు, ఇంకొకదానిది నలువదియడుగులు పోవును, దెబ్బ యొక్కటే. పెరుఁగుట ధ్వనికి, స్ఫోటమునకుఁ గాదు.

దీనినిబట్టి రెండింతల వేగమున విన్నను గ్రంథ మదియే యని వాదింపవచ్చును. వార్తలకును శాస్త్రపాఠములకును నేనంగీకరింతును. నటుని వాచికమునకు నంగీకరింపను, కారణము లివి. మనుష్యుఁడు త్వరగా మాటలాడునపుడు విరామములను అచ్చులను నెక్కువగాఁ గుదించును, హల్లులను దక్కువగాఁ గుదించును. యంత్రమైననో యన్నింటి నొకే పాలఁ గుదించును. ఇట్టి వాక్కును ఏ మనుష్యుఁడును బలుకఁడు. వినువాని కర్థము తెలియును, వక్త యెవఁడో తెలియును, వక్త యెట్లున్నాఁడో తెలియదు. రెండవది, పతంజలి సమాధానము వర్ణవిషయము, కాకువిషయము గాదు. తండ్రిమాట చెప్పుటకు ముందు నటుఁ డూపిరి నిలిపిన క్షణ మొక వర్ణము గాదు. ఐనను నందర్థము కలదు. దానిని సగము చేసినచో స్ఫోటమునకు హాని లేకపోవచ్చును, వ్యంగ్యమునకుఁ గలదు.

శ్రవ్యగ్రంథమునకుఁ బ్రతికూలముగఁ జెప్పవలసినదియుఁ జాల గలదు. అందుఁ బుటసంఖ్య లేదు. ఉదాహరించుట కెన్నవగంట యెన్నవనిమిష మని చెప్పవలెను, అదియుఁ బ్రతులనుబట్టి మాఱవచ్చును. వెనుకకుఁ దిరిగి సరిచూచుట శ్రమ. అన్నింటికంటెఁ బెద్దదోష మింకొకటి. మంచికంఠము విమర్శబుద్ధిని నిద్రపుచ్చును. స్వీయచరిత్రము సాక్ష్యము, సాక్ష్యమును బరీక్షింపవలెను. ఎప్పుడు జరిగినది, ఇంకెవ రెఱుఁగుదురు, ఏఁబది యేండ్ల పిమ్మట నీ సంభాషణ మిట్లే గుర్తున్నదా యని యడుగవలెను. అచ్చుపుస్తకమును జదువువాఁ డిచ్చట వ్రేలు పెట్టి యాఁగును. వినువాఁడు నటుని వెంటఁ బోవును. నటుని విద్యయే మనలను వెంటఁ గొనిపోవుట గదా. అందుచేతఁ జరిత్రకారుఁడు ముద్రితప్రతిని విడువరాదు. ఐనను ముద్రితప్రతిలో లేని సాక్ష్యము కంఠమున నున్నదని మీఁదఁ జూపితిని. ఒకటి మూలము, ఒకటి వ్యాఖ్య యనరాదు. ఇవి యొకే గ్రంథమునకు రెండు పాఠములు, మనము తాళపత్రప్రతులయెడఁ జేయునట్లు రెంటిని సరిచూడవలయును.

ఈ సందర్భమున మన రంగస్థలమును దలంపక తప్పదు. తెనుఁగునటుల కంఠములు గ్రామఫోను పలకలమీఁదఁ గొంత నిలిచినవి. కాని యా పలక కొక వైపున మూఁడు నిమిషములే యవకాశ మగుటచేఁ బద్యమును బాటయు నెక్కినవి, వచనము మిక్కిలి తక్కువగా నెక్కినది. అందువలన మన పూర్వనటులు రాగము తీసిన తీరు మనకుఁ గొంత తెలియును; మాటలాడిన తీరు తెలియదు. స్థానము నరసింహారావు (1902-1971) స్త్రీపాత్రములఁ బ్రసిద్ధుఁడై, 'నటస్థాన'మను గ్రంథమునఁ దన యనుభవములను వ్రాసిపెట్టెను; అది మనము కన్నులతోఁ జదువుకొనుచున్నాము. బళ్లారి రాఘవ (1880-1946) వచనమును సహజముగఁ బలికెనని చూచినవారు కొనియాడిరి. ఆ సహజత్వ మేమో నేఁడు వారి ప్రశంసావాక్యములవలననే యూహింపవలసియున్నది.

ఇప్పుడు సాధన మెల్లరచేతను గలదు. వృద్ధులైన పద్యనాటకనటులు, హరికథకులు, పురాణపాఠకులు ఇంకను గొందఱు మన జిల్లాలలో నున్నారు. వారి జీవితకథలను వారి నోటనే, వారి మండలపు మాటతోనే, సవరింపక పట్టి యుంచుట మన యుపాధ్యాయులకు సాధ్యమైన పని. పట్టునపుడు తేదీ, స్థలము, వక్త వయస్సు, వ్రాఁతను జూచి చదివెనా తలఁపునుండి చెప్పెనా యను నీ నాలుగును బ్రారంభమునఁ బలికించవలెను. ఈ నాలుగును లేనిచో భావికాలపు పరిశోధకున కా ధ్వని ప్రమాణము గాదు. యంత్రము మనుష్యకంఠమును ననుకరించి పలుకుట నేర్చిన యీ కాలమున నిది మఱింత యావశ్యకము. ఉత్తరాంధ్రపు యాసను గాని రాయలసీమ పలుకుబడిని గాని తెలంగాణపు మాటను గాని మన లిపి స్థూలముగఁ జూపఁగలదు. దీర్ఘమెంత, ఊనిక యెచ్చట, మాట తుదను గొంతు లేచెనా దిగెనా యనునవి ధ్వనిఫలకముననే యుండును.